సాక్షి గింజ

సోహార్‌ల మా ల్యాబు చల్లగుంటది, చేతులు కొంకర్లు పోయేటంత.
మైక్రోస్కోప్ కింద కన్ను ఆనిచ్చి
సూది మొనకు తడి అద్దుకొని
గింజ గింజ ఏరుత,
బియ్యంల మెరిగలు ఏరినట్టు.
కాకుంటే ఇక్కడ పారబోసేదే ఎక్కువ.

కోరుట్ల దాపుల కంకర మిషన్ మీద ఏడేండ్లు చేసిన.
ఒక్క రాయినన్న వయసు అడగలే.
ట్రాక్టర్లు ఎన్ని పోయినయో, అదే లెక్క.

ఇప్పుడు దిల్‌మురాద్ పికప్పుల
వాదీ జిజ్జీ నుంచి నల్లరాయి దిగుతది.
సముద్రం అడుగున దిండ్లోలె ఉబ్బి
అట్లనే గట్టిపడ్డ లావా.
అది తనంతట తాను నోరిప్పదు.
పక్కన వయసు తెలిసిన గింజ కూసోవాలె.
రెండూ ఒక్క పళ్లెంల పోయి
దేశం కాని దేశంల, ఒక్క రియాక్టర్ సెగల వేగి రావాలె.
తెలిసినదాన్ని పట్టుకొని తెలవనిదాన్ని లెక్కగట్టుడు,
గింతే మా శాస్త్రం.

తెలిసిన గింజ పేరు సానిడిన్.
పటికబెల్లం పలుకోలె ఉంటది.
పాత సీసా అడుగున చిటికెడు మిగిలింది.
డాక్టర్ శైఖా దాన్ని సొరుగుల దాచి తాళమేస్తది,
కహ్వాల వేసే కుంకుమపువ్వు డబ్బా పక్కన.

కొత్త సీసా కొరియర్‌ల వచ్చింది.
ముద్ర ఉంది, సంతకం ఉంది, ముచ్చటైన అంకె ఉంది.
పన్నెండు గింజలు కరిగించి చూస్తే
పది ఒక్కమాట మీదున్నయి.
రెండు మాత్రం తాతలనాటి ముచ్చట చెప్పినయి.
"అబద్ధం కాదు బోశెట్టీ" అన్నది శైఖా
(నా పేరుల 'ప' ఆమె నోట్లె నిలవదు),
"లావా పైకొస్తుంటే పాత రాళ్లను గీక్కొచ్చింది.
అవి వేరే ఇంటి వయసు చెప్తున్నయి."
సీసా మొత్తం పక్కకు పెట్టింది.
పది మంచియే కదా అంటే
తల అడ్డంగ ఊపింది.

మా రూముల ఆరుగురం.
లింబాద్రి, ఆశన్న, మల్కన్న, నేను,
నలుగురం జులై ఒకటిన పుట్టినం.
బడిల సారు చెయ్యి అట్ల తిరిగింది.
ఏటేటా ఒక్కటే కేకు, మూడు రియాళ్లది.
కత్తి పట్టుకునే కాడ కొట్లాట.

"నీకెన్నేండ్లు?" అని అడిగింది శైఖా ఒకరోజు.
పాస్‌పోర్టుల నలభై మూడు.
"తప్పు ఎంత?"
అటో ఇటో రెండు, అన్న.
నవ్వి, నవ్వు ఆపి,
"నీ సాక్షి ఎవరు?" అన్నది.

రాత్రి పెద్దమ్మకు ఫోన్ చేసిన.
ఓసారి ఓట్ల ఏడంటది, ఓసారి కరువు ఏడంటది.
వడ్డె సాయన్నకు చేసిన.
"మీ బాయిల పద్దెనిమిది గజాల కాడ బండ తగిలింది.
మందు పెట్టి పేల్చిన పగటీలి
పైన నీ ఏడ్పు ఇనొచ్చింది.
నా వేలు పోయింది గూడ ఆ దినమే."
మళ్ల అడిగిన. వారం ఆగి మళ్ల అడిగిన.
బండ, పద్దెనిమిది గజాలు, పగటీలి, వేలు.
ఒక్క అక్షరం జరగలే.

ఏ సంవత్సరమే సాయన్నా?
"ఒడ్డు రాయి మీద నేనే చెక్కిన గద, పోయి చూస్కో."

బాయి లేదు.
రోడ్డు వెడల్పు చేసిన్నాడు పూడ్చిండ్రు.
నూటా పది ట్రిప్పుల కంకర.
ఆ లెక్క నాకు బాగ గుర్తుంది,
మా మిషన్‌దే.

శైఖాకు ఇదంత చెప్పలే.
నాకొచ్చిన అరబ్బీల బాయి పూడ్చుడు దాకనే ఉంది.

ఇయ్యాల పాత సీసా తెరిచింది.
చిటికెడుల సగం నా ముందల పోసింది.
ఒక్కో గింజను తిప్పి తిప్పి చూస్తున్న,
లోపల మబ్బు లేనిది, నల్ల చుక్క లేనిది.
ఏడు దొరికినయి.
నల్లరాయి పక్కన కూసోబెట్టి మూత బిగించిన.

అవి తిరిగి వచ్చేటాళ్లకు రెండు నెలలు.
ఆ లోపల నా వీసా రెన్యూవల్.
ఫారం నింపుతున్న.
పుట్టిన తేది గడి కాడ
పెన్ను జరసేపు ఆగింది.
జులై ఒకటి.